యూనిట్ - 9: అమైలాయిడ్ బీటా పెప్టైడ్ నమూనాల తయారీ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 అమైలాయిడ్ బీటా: నిర్మాణం, స్వభావం
9.3 నమూనా తయారీలో ఎదురయ్యే సమస్యలు
9.4 ద్రావణుల ఎంపిక
9.5 తయారీ విధానాలు
9.6 గాఢతను నిర్ణయించడం
9.7 తయారైన నమూనాను పరీక్షించడం
9.8 నియంత్రణ నమూనాలు, రికార్డు, భద్రత
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 కీలక పదాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
- అమైలాయిడ్ బీటా పెప్టైడ్ నీటిలో ఎందుకు గుమికూడుతుందో వివరించగలుగుతారు.
- ఒకే పెప్టైడ్ నుంచి మోనోమర్లు, ఆలిగోమర్లు, తంతువులు తయారుచేసే పద్ధతులను వర్ణించగలుగుతారు.
- పెప్టైడ్ బరువు నుంచి ద్రావణం గాఢతను లెక్కకట్టగలుగుతారు.
- తయారైన నమూనా మనం అనుకొన్న రూపంలో ఉందో లేదో తెలుసుకొనే పరీక్షలను పేర్కొనగలుగుతారు.

9.1 ప్రస్తావన

1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఆలోయిస్ ఆల్జైమర్ ఒక రోగి గురించి ప్రసంగించాడు. ఆమె పేరు అగస్టె డీటర్. జ్ఞాపకశక్తి కోల్పోయి మరణించిన ఆమె మెదడు పొరలను సూక్ష్మదర్శినిలో పరిశీలించినప్పుడు నాడీకణాల వెలుపల మచ్చల వంటి నిక్షేపాలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ మచ్చలనే ఇవాళ మనం అమైలాయిడ్ ఫలకాలు అంటున్నాం. వాటిలో ప్రధాన పదార్థం ఏమిటో తేలడానికి మరో డెబ్బై ఎనిమిదేళ్లు పట్టింది. 1984లో జార్జ్ గ్లెనర్, కెయిన్ వాంగ్‌లు మెదడు రక్తనాళాల గోడల నుంచి ఒక చిన్న పెప్టైడ్‌ను వేరుచేశారు. దాని పేరే అమైలాయిడ్ బీటా. ఫలకాల్లోనూ అదే పెప్టైడ్ ఉందని 1985లో రుజువైంది.

'అమైలాయిడ్' అంటే 'పిండిపదార్థం వంటిది' అని అర్థం. 1854లో రుడాల్ఫ్ విర్కో ఇటువంటి నిక్షేపాలకు అయోడిన్ తగిలించినప్పుడు పిండిపదార్థంలా రంగు మారడం చూసి ఈ పేరు పెట్టాడు. నిజానికి అది పిండిపదార్థం కాదు, ప్రోటీన్. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఇప్పుడు ఈ పెప్టైడ్ పొడి రూపంలో చిన్న సీసాల్లో దొరుకుతుంది. దాన్ని నీటిలో కలిపి కణాలమీద వేసి చూస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. 1990 ప్రాంతంలో చాలా ప్రయోగశాలలు అలాగే చేశాయి. ఒకచోట నాడీకణాలు చనిపోయాయి, మరోచోట ఏమీ కాలేదు. 1991లో క్రిస్టియన్ పైక్, కార్ల్ కాట్‌మన్ బృందం దీనికి ఒక కారణం చూపింది. పెప్టైడ్ ద్రావణాన్ని కొన్ని రోజులు నిలవ ఉంచితే అది గుమికూడుతుంది. అలా గుమికూడిన తరవాతే కణాలకు హాని చేస్తుంది. అంటే ఫలితాన్ని నిర్ణయించింది పెప్టైడ్ పేరు కాదు, కణాలమీద వేసే సమయానికి అది ఉన్న రూపం.

ఈ పెప్టైడ్ విషయంలో నమూనా తయారీ అనేది ప్రయోగానికి ముందు జరిగే చిల్లర పని కాదు. ప్రయోగంలో సగం అక్కడే ఉంది. అది ఎలాగో ఈ యూనిట్‌లో తెలుసుకొందాం.

9.2 అమైలాయిడ్ బీటా: నిర్మాణం, స్వభావం

మన కణాల త్వచంలో అమైలాయిడ్ పూర్వగామి ప్రోటీన్ అనే పెద్ద ప్రోటీన్ ఉంటుంది. దాని జన్యువు 21వ క్రోమోసోమ్‌మీద ఉంది. ఈ ప్రోటీన్‌ను మొదట బీటా సెక్రిటేజ్, తరవాత గామా సెక్రిటేజ్ అనే ఎంజైములు కత్తిరిస్తే అమైలాయిడ్ బీటా విడుదలవుతుంది. గామా సెక్రిటేజ్ ఎప్పుడూ ఒకే చోట కత్తిరించదు. అందువల్ల వేరు వేరు పొడవులున్న పెప్టైడ్‌లు ఏర్పడతాయి. వీటిలో ముఖ్యమైనవి రెండు:

(అ) అమైలాయిడ్ బీటా 40: 40 అమైనో ఆమ్లాలు; అణుభారం సుమారు 4330.
(ఆ) అమైలాయిడ్ బీటా 42: 42 అమైనో ఆమ్లాలు, అణుభారం సుమారు 4514.

శరీరంలో మొదటిదే ఎక్కువగా తయారవుతుంది. కాని చివర ఐసోల్యూసీన్, అలనీన్ అనే రెండు అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్న రెండోది చాలా త్వరగా గుమికూడుతుంది.

ఈ పెప్టైడ్‌కు రెండు భిన్నమైన భాగాలున్నాయి. మొదటి 16 అమైనో ఆమ్లాలలో ఆవేశమున్నవి, నీటితో స్నేహం చేసేవి ఎక్కువ. 17 నుంచి 21 వరకు ఉన్న భాగం, 29 నుంచి చివరి వరకు ఉన్న భాగం జలవిరోధి భాగాలు. నీటిలో ఉన్నప్పుడు ఒక అణువులోని జలవిరోధి భాగం మరో అణువులోని అటువంటి భాగాన్ని వెతుక్కొంటుంది. అలా దగ్గరైన అణువులు బీటా పలకలుగా అమరి, ఒకదానిమీద ఒకటి పేరుకొని పొడవైన తంతువులవుతాయి.

నమూనా తయారీకి అవసరమైన మరికొన్ని వివరాలను కూడా గుర్తుంచుకోండి:
- 10వ స్థానంలో ఒకే ఒక టైరోసీన్ ఉంది. ట్రిప్టోఫాన్ లేదు. గాఢతను కొలవడానికి ఈ టైరోసీనే ఆధారం.
- 6, 13, 14 స్థానాల్లో హిస్టిడీన్లు ఉన్నాయి. ఇవి రాగి, జింక్ అయాన్లను పట్టుకొంటాయి.
- 35వ స్థానంలోని మిథియోనీన్ గాలి తగిలితే ఆక్సీకరణం చెందవచ్చు.
- సమవిద్యుత్ బిందువు పి.హెచ్. 5.3-5.5 ప్రాంతంలో ఉంటుంది. ఆ పి.హెచ్. వద్ద అణువుల నికర ఆవేశం సున్నా అవుతుంది. ఒకదాన్నొకటి వికర్షించే బలం తగ్గి అణువులు వేగంగా గుమికూడతాయి. పి.హెచ్. 7.4 వద్ద నికర ఆవేశం సుమారు -3.

మోనోమర్, ఆలిగోమర్, తంతువు: విడిగా ఉన్న ఒక అణువు మోనోమర్. కొన్ని అణువుల నుంచి కొన్ని పదుల అణువుల వరకు కలిసిన, నీటిలో కరిగి ఉండే చిన్న గుంపు ఆలిగోమర్. వేలాది అణువులు వరసగా అమరినది తంతువు. ఆలిగోమర్లకు, తంతువులకు మధ్య ఉన్న పొట్టి, వంకర పోగులను పూర్వతంతువులు అంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
సూచన: మీ సమాధానాన్ని విడిగా రాసుకొని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. అమైలాయిడ్ బీటా 42, అమైలాయిడ్ బీటా 40 కంటే త్వరగా ఎందుకు గుమికూడుతుంది?
2. పి.హెచ్. 5.4 ఉన్న బఫర్‌లో ఈ పెప్టైడ్‌ను కరిగించడం ఎందుకు మంచిది కాదు?

9.3 నమూనా తయారీలో ఎదురయ్యే సమస్యలు

ఇంట్లో పాలు తోడు పెట్టడం మీకు తెలిసిందే. కాచి చల్లార్చిన పాలు శుభ్రమైన గిన్నెలో పోస్తే చాలాసేపు పాలుగానే ఉంటాయి. అదే గిన్నె అంచున నిన్నటి పెరుగు కాస్త అంటుకొని ఉంటే, మనం తోడు వేయకపోయినా పాలు తోడుకొంటాయి. అమైలాయిడ్ బీటా ద్రావణం కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. అణువులన్నీ విడివిడిగా ఉన్న ద్రావణంలో మొదటి కేంద్రకం ఏర్పడటానికి కొంత వ్యవధి పడుతుంది. దీన్ని విలంబ దశ అంటారు. ముందే ఏర్పడిన తంతువు ముక్కలు కొద్దిగా ఉన్నా అవి బీజాలుగా పనిచేసి విలంబ దశను బాగా తగ్గిస్తాయి. పైగా అమైలాయిడ్ బీటా 42లో, ఏర్పడిన తంతువుల ఉపరితలంమీదే కొత్త కేంద్రకాలు పుడతాయని 2013లో కేంబ్రిడ్జ్, లుండ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు చూపారు. దీన్ని ద్వితీయ కేంద్రకీకరణ అంటారు. అంటే కొద్దిపాటి బీజం మరెన్నో బీజాలను పుట్టిస్తుంది.

ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. పెరుగులో పనిచేసేవి బతికి ఉన్న బాక్టీరియాలు. ఇక్కడ ప్రాణమున్నది ఏదీ లేదు, ఒక నిర్మాణం మరో నిర్మాణానికి అచ్చుగా పనిచేస్తుంది.

మార్కెట్‌లో దొరికే పెప్టైడ్ పొడిలో ఇటువంటి బీజాలు ముందే ఉండవచ్చు. సంశ్లేషణ, శుద్ధి, గడ్డకట్టించి ఆరబెట్టడం, రవాణా, నిలవ అనే దశల్లో ఎక్కడైనా కొన్ని అణువులు గుమికూడవచ్చు. ఒక విడత పొడికీ, మరో విడత పొడికీ ఈ పాత చరిత్ర వేరుగా ఉంటుంది. అందుకే ఒకే సంస్థ నుంచి రెండుసార్లు తెప్పించిన పెప్టైడ్ కూడా రెండు రకాల ఫలితాలనిస్తుంది.

మిగిలిన సమస్యలను ఈ విధంగా పేర్కొనవచ్చు:

(1) మలినాలు: జలవిరోధి భాగం పొడవుగా ఉండటంవల్ల ఈ పెప్టైడ్‌ను రసాయనికంగా సంశ్లేషించడం కష్టం. ఒకటి, రెండు అమైనో ఆమ్లాలు తప్పిపోయిన అణువులు కొన్ని మిగిలిపోతాయి. బాక్టీరియాలో ఉత్పత్తి చేసిన అమైలాయిడ్ బీటా 42, సంశ్లేషించిన దానికంటే వేగంగా గుమికూడుతుందని, కణాలకు ఎక్కువ హాని చేస్తుందని 2010లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

(2) లవణాలు, తేమ: శుద్ధి సమయంలో వాడిన ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లం లవణ రూపంలో పొడిలోనే ఉంటుంది. తేమ కూడా ఉంటుంది. తూకంలో వచ్చిన బరువంతా పెప్టైడ్ కాదు.

(3) గొట్టాల గోడలకు అంటుకోవడం: తక్కువ గాఢతలో ఉన్న పెప్టైడ్‌లో చెప్పుకోదగ్గ భాగం గాజుకు, మామూలు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. ప్రోటీన్ తక్కువగా అంటుకొనే ప్రత్యేక గొట్టాలను వాడాలి.

(4) కుదుపు, గాలి బుడగలు: గాలీ నీరూ కలిసే ఉపరితలం దగ్గర పెప్టైడ్ చేరి గుమికూడుతుంది. గట్టిగా కుదిపితే తంతువులు విరిగి కొత్త కొనలు ఏర్పడతాయి. ఒకరు కుదిపి, మరొకరు కుదపకుండా చేసిన ప్రయోగాలను పోల్చరాదు.

9.4 ద్రావణుల ఎంపిక

పొడిలోని పాత గుంపులను విడగొట్టి అన్ని అణువులనూ మోనోమర్ స్థితికి తేవడమే మొదటి మెట్టు. దీనికి నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్: దీన్ని హెచ్.ఎఫ్.ఐ.పి. అని పిలుస్తారు. ఇది బీటా పలకలను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలను, జలవిరోధి ఆకర్షణలను సడలిస్తుంది. ఇది సుమారు 58 °సె. వద్దే మరుగుతుంది కాబట్టి తేలికగా ఆవిరైపోయి గొట్టం గోడమీద పలచని పెప్టైడ్ పొర మిగులుతుంది. అయితే ఇది పూర్తిగా పోవాలి. కొద్దిపాటి హెచ్.ఎఫ్.ఐ.పి. నీటి ద్రావణంలో మిగిలితే, పెప్టైడ్‌ను విడగొట్టడానికి బదులు గుమికూడేటట్లు తొందరపెడుతుంది.

డైమిథైల్ సల్ఫాక్సైడ్: దీన్ని డి.ఎం.ఎస్.ఓ. అంటారు. పెప్టైడ్ పొరను మళ్లీ కరిగించడానికి వాడతారు. ఇది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. చాలాసార్లు తెరిచిన సీసాలోని డి.ఎం.ఎస్.ఓ. పనికిరాదు. తేమలేని రకాన్ని, కొత్తగా తెరిచినదాన్ని వాడాలి.

పలచని సోడియం హైడ్రాక్సైడ్: ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లమున్న పొడిని నేరుగా తటస్థ బఫర్‌లో వేస్తే ద్రావణం ఆమ్ల స్థితి నుంచి పి.హెచ్. 7.4కు చేరే దారిలో సమవిద్యుత్ బిందువును దాటుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే బీజాలు ఏర్పడవచ్చు. పొడిని ముందుగా పి.హెచ్. 10.5 పైన ఉన్న క్షార ద్రావణంలో కరిగిస్తే పి.హెచ్. పైనుంచి కిందికి దిగుతుంది, 5.4 జోలికి పోదు.

గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్: 6 మోలార్ గాఢతలో ఇది ప్రోటీన్ల ఆకృతిని పూర్తిగా విప్పుతుంది. దీన్ని వాడిన తరవాత పరిమాణ ఆధారిత క్రొమటోగ్రఫీ ద్వారా పెప్టైడ్‌ను వేరుచేయాలి.

9.5 తయారీ విధానాలు

కింద వర్ణించిన మొదటి మూడు విధానాలు 2003లో స్టైన్, డాల్‌గ్రెన్, క్రాఫ్ట్, లడూలు ప్రచురించిన పద్ధతిని అనుసరించినవి. ఒకే పెప్టైడ్ పొర నుంచి మొదలుపెట్టి, పరిస్థితులను మాత్రమే మార్చి రెండు రూపాలను పొందవచ్చని చూపడం దీని విశేషం.

9.5.1 పెప్టైడ్ పొర తయారీ

1. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను మూత తెరవకుండా సుమారు అరగంట గది ఉష్ణోగ్రతలో ఉంచాలి. చల్లని సీసాను వెంటనే తెరిస్తే గాలిలోని తేమ పొడిమీద చేరుతుంది.
2. పొగగూటిలో, 1 మిల్లీమోలార్ గాఢత వచ్చేటట్లు హెచ్.ఎఫ్.ఐ.పి. కలపాలి. ద్రావణం తేటగా ఉండాలి. గది ఉష్ణోగ్రతలో అరగంట ఉంచాలి.
3. ఒక్కసారి వాడకానికి సరిపోయే భాగాలుగా పాలీప్రొపిలీన్ గొట్టాల్లో పంచాలి.
4. మూతలు తెరిచి పొగగూటిలో రాత్రంతా ఆరనివ్వాలి. తరవాత శూన్య సాధనంలో మరో గంట ఉంచి మిగిలిన ద్రావణిని తొలగించాలి.
5. మూతలు బిగించి, తేమను పీల్చే పదార్థం ఉన్న డబ్బాలో -20 °సె. వద్ద నిలవ చేయాలి.

9.5.2 ఆలిగోమర్ల తయారీ

పెప్టైడ్ పొరను తేమలేని డి.ఎం.ఎస్.ఓ.లో 5 మిల్లీమోలార్ గాఢతకు కరిగించాలి. గొట్టం గోడలన్నీ తడిసేటట్లు చూసి, నీటి తొట్టి సోనికేటర్‌లో 10 నిమిషాలు ఉంచాలి. దీనికి మంచులో చల్లబరచిన, ఫినాల్ రెడ్ లేని ఎఫ్-12 కణవర్ధన యానకాన్ని చేర్చి 100 మైక్రోమోలార్‌కు పలచన చేయాలి. 15 సెకన్లు కలిపి, 4 °సె. వద్ద 24 గంటలు కదపకుండా ఉంచాలి. వాడేముందు చల్లని సెంట్రిఫ్యూజ్‌లో 14,000 జి. వద్ద 10 నిమిషాలు తిప్పి, అడుగుకు చేరిన పెద్ద ముద్దలను వదిలి పైతేటను తీసుకోవాలి.

9.5.3 తంతువుల తయారీ

డి.ఎం.ఎస్.ఓ.లోని 5 మిల్లీమోలార్ ద్రావణాన్నే 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 100 మైక్రోమోలార్‌కు పలచన చేసి, 37 °సె. వద్ద 24 గంటలు ఉంచాలి. పొడవైన తంతువులు ఏర్పడతాయి.

రెండు విధానాల మధ్య తేడాలను గమనించండి. పెప్టైడ్ ఒకటే, గాఢత ఒకటే, వ్యవధి ఒకటే. ఉష్ణోగ్రత, లవణాలు, పి.హెచ్. మారాయి. చల్లదనంలో, లవణాలున్న తటస్థ యానకంలో ఆలిగోమర్లు, వెచ్చదనంలో, లవణాలు తక్కువగా ఉన్న ఆమ్లంలో తంతువులు వచ్చాయి.

9.5.4 శుద్ధమైన మోనోమర్ల తయారీ

తంతువులు ఏర్పడే వేగాన్ని కొలిచే ప్రయోగాలకు బీజాలు ఏమాత్రం లేని మోనోమర్లు కావాలి. హెచ్.ఎఫ్.ఐ.పి. పద్ధతి దీనికి చాలదు. పెప్టైడ్‌ను 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో కరిగించి సూపర్‌డెక్స్ 75 వంటి స్తంభం ద్వారా పంపిస్తారు. పెద్ద గుంపులు ముందు, మోనోమర్లు తరవాత బయటకు వస్తాయి. సాధారణంగా 20 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, 0.2 మిల్లీమోలార్ ఇ.డి.టి.ఎ. ఉన్న పి.హెచ్. 8 బఫర్‌ను వాడతారు. ఇ.డి.టి.ఎ. లోహ అయాన్లను బంధిస్తుంది. మోనోమర్ శిఖరం మధ్యభాగాన్ని మాత్రమే చల్లని గొట్టంలో సేకరించి, మంచులో ఉంచి, వెంటనే వాడాలి. 2010లో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా లిన్సే బృందం ఇటువంటి జాగ్రత్తలతో, మళ్లీ మళ్లీ చేసినా ఒకేలా వచ్చే ఫలితాలను సాధించింది. ఈ పెప్టైడ్ స్వభావమే నిలకడలేనిదని అంతవరకు చాలామంది అనుకొనేవారు. తప్పు పెప్టైడ్‌ది కాదు, తయారీది అని ఈ పరిశోధన తేల్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. పెప్టైడ్ పొరలో హెచ్.ఎఫ్.ఐ.పి. మిగిలిపోతే ఏమవుతుంది?
4. ఆలిగోమర్ల తయారీకి, తంతువుల తయారీకి మధ్య ఉన్న రెండు తేడాలు రాయండి.

9.6 గాఢతను నిర్ణయించడం

సీసామీద రాసిన బరువులో నిజమైన పెప్టైడ్ ఎంత శాతమో దానితో వచ్చే ధ్రువపత్రంలో ఉంటుంది. దీన్ని నికర పెప్టైడ్ శాతం అంటారు.

ఉదాహరణ 1: ఒక సీసాలో 1 మి.గ్రా. అమైలాయిడ్ బీటా 42 పొడి ఉంది. నికర పెప్టైడ్ శాతం 80. 1 మిల్లీమోలార్ ద్రావణానికి ఎంత హెచ్.ఎఫ్.ఐ.పి. కావాలి?

సాధన:
నిజమైన పెప్టైడ్ = 1 × 0.80 = 0.80 మి.గ్రా.
మోల్‌ల సంఖ్య = 0.80 ÷ 4514 మిల్లీమోల్‌లు = 0.000177 మిల్లీమోల్‌లు = 177 నానోమోల్‌లు
1 మిల్లీమోలార్ అంటే ఒక మైక్రోలీటర్‌లో 1 నానోమోల్. కాబట్టి కావలసిన హెచ్.ఎఫ్.ఐ.పి. = 177 మైక్రోలీటర్లు.

నికర శాతాన్ని మరచిపోయి 1 మి.గ్రా. అంతా పెప్టైడే అనుకొంటే 221 మైక్రోలీటర్లు కలుపుతాం. ద్రావణం నిజంగా 0.8 మిల్లీమోలార్ మాత్రమే ఉంటుంది. తరవాతి ప్రతి లెక్కలోనూ 20 శాతం తప్పు మనతోనే వస్తుంది.

ఉదాహరణ 2: పై ద్రావణాన్ని గొట్టానికి 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి ఆరబెట్టాం. ఒక గొట్టం నుంచి 100 మైక్రోమోలార్ ఆలిగోమర్ ద్రావణం ఎలా తయారుచేయాలి?

సాధన:
ఒక గొట్టంలో పెప్టైడ్ = 20 నానోమోల్‌లు
5 మిల్లీమోలార్‌కు కావలసిన డి.ఎం.ఎస్.ఓ. = 20 ÷ 5 = 4 మైక్రోలీటర్లు
100 మైక్రోమోలార్‌కు మొత్తం ఘనపరిమాణం = 200 మైక్రోలీటర్లు
చేర్చవలసిన యానకం = 200 - 4 = 196 మైక్రోలీటర్లు
ఇందులో డి.ఎం.ఎస్.ఓ. 2 శాతం ఉంటుంది. కణాలమీద వేసేటప్పుడు 10 మైక్రోమోలార్‌కు పలచన చేస్తే అది 0.2 శాతానికి తగ్గుతుంది.

బరువును మాత్రమే నమ్మకుండా గాఢతను మరో పద్ధతిలో సరిచూడాలి. టైరోసీన్ 280 నానోమీటర్ల వద్ద అతినీలలోహిత కాంతిని శోషిస్తుంది. దాని మోలార్ శోషణ గుణకం సుమారు 1490. స్తంభం నుంచి వచ్చిన ద్రావణం 1 సెం.మీ. కువెట్‌లో 0.030 శోషణ చూపితే, గాఢత = 0.030 ÷ 1490 = 0.0000201 మోలార్, అంటే సుమారు 20 మైక్రోమోలార్. ఇంత చిన్న విలువలో బఫర్ శోషణను తీసివేయడం తప్పనిసరి. ద్రావణంలో పెద్ద గుంపులు ఉంటే కాంతి చెదిరి శోషణ ఎక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది. టైరోసీన్ శోషించని 340 నానోమీటర్ల వద్ద కూడా రీడింగ్ తీసుకొంటే ఈ దోషం బయటపడుతుంది. అత్యంత కచ్చితమైన కొలత కావాలంటే పెప్టైడ్‌ను జలవిశ్లేషణ చేసి అమైనో ఆమ్లాలను లెక్కించాలి.

9.7 తయారైన నమూనాను పరీక్షించడం

గొట్టంమీద 'ఆలిగోమర్లు' అని రాసినంత మాత్రాన లోపల ఉన్నవి ఆలిగోమర్లు కావు. ప్రతి తయారీలోనూ కొంత భాగాన్ని పరీక్షకు కేటాయించాలి.

థయోఫ్లేవిన్-టి పరీక్ష: ఈ రంజకం తంతువులకు అంటుకొన్నప్పుడు ప్రతిదీప్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. సుమారు 440 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరచి 480 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. కాలానికి ఎదురుగా గ్రాఫ్ గీస్తే సాగదీసిన 'ఎస్' అక్షరం ఆకారంలో వక్రరేఖ వస్తుంది. మొదట విలంబ దశ, తరవాత వృద్ధి దశ, చివర స్థిర దశ. మోనోమర్లు అని మనం అనుకొన్న నమూనా విలంబ దశ లేకుండా మొదటి నిమిషం నుంచే పెరిగితే, అందులో బీజాలు ఉన్నాయని అనుమానించాలి. ఈ పరీక్ష ఆలిగోమర్లను సరిగా చూపదు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, పరమాణు బల సూక్ష్మదర్శిని: ఇవి నమూనా ఆకృతిని నేరుగా చూపుతాయి. తంతువులు శాఖలు లేకుండా, సుమారు 7-10 నానోమీటర్ల మందంతో పొడవుగా కనిపిస్తాయి. ఆలిగోమర్లు చిన్న గుండ్రని చుక్కల్లా కనిపిస్తాయి.

వృత్తాకార ద్వివర్ణత: మోనోమర్లు క్రమంలేని ఆకృతిలో ఉండి 198 నానోమీటర్ల దగ్గర, బీటా పలకలు 218 నానోమీటర్ల దగ్గర కనిష్ఠ విలువను చూపుతాయి.

జెల్ ఎలక్ట్రోఫోరసిస్: ఆలిగోమర్ల పరిమాణాన్ని అంచనా వేయడానికి వాడతారు. కాని జెల్‌లో వాడే ఎస్.డి.ఎస్. డిటర్జెంట్ తానే కొన్ని గుంపులను విడగొట్టగలదు, కొన్నిటిని ఏర్పరచగలదు. అందువల్ల జెల్ ఫలితాన్ని ఒంటరిగా నమ్మరాదు.

ఈ పరీక్షల విలువను ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక విద్యార్థి మొక్క నుంచి తీసిన సారం అమైలాయిడ్ బీటా హానిని ఆపుతుందో లేదో పరీక్షిస్తున్నాడనుకోండి. సోమవారం సారం లేకుండా చేసిన ప్రయోగంలో కణాలు చాలావరకు చనిపోయాయి. గురువారం మరో గొట్టంలోని పెప్టైడ్‌తో, సారం చేర్చి చేసినప్పుడు కణాలు బతికాయి. మందు దొరికినట్లే అనిపిస్తుంది. గురువారం నాటి గొట్టం ఫ్రీజర్ నుంచి రెండుసార్లు బయటికి వచ్చి కరిగి, లోపలి పెప్టైడ్ పెద్ద ముద్దలుగా అడుగుకు చేరి ఉంటే? కణాలను కాపాడింది సారం కాదు, పాడైన నమూనా. ఒక థయోఫ్లేవిన్ రీడింగ్, అదే గొట్టంతో సారం లేకుండా చేసిన ఒక పరీక్ష ఉంటే ఈ పొరపాటు ఆ రోజే తెలిసేది.

అసలైన మందుల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 22వ స్థానంలో గ్లూటమిక్ ఆమ్లానికి బదులు గ్లైసీన్ వచ్చే ఆర్కిటిక్ ఉత్పరివర్తనం ఉన్న పెప్టైడ్ పూర్వతంతువులను ఎక్కువగా ఏర్పరుస్తుందని 2001లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అటువంటి పూర్వతంతువులను ప్రయోగశాలలో తయారుచేసి, వాటిని గుర్తించే ప్రతిరక్షకాన్ని ఎలుకల్లో పుట్టించారు. దానినుంచి రూపొందిన లెకనెమాబ్ అనే ఔషధానికి 2023లో అమెరికాలో అనుమతి లభించింది. ప్రతిరక్షకం ఏ రూపాన్ని పట్టుకొంటుందో తెలియాలంటే ఆ రూపాన్ని విడిగా తయారుచేయగలగాలి.

9.8 నియంత్రణ నమూనాలు, రికార్డు, భద్రత

నియంత్రణ నమూనాలు: పెప్టైడ్ ఒక్కటి మినహా మిగిలినవన్నీ ఉన్న ద్రావణాన్ని అదే వ్యవధి, అదే ఉష్ణోగ్రతలో ఉంచి వాడాలి. అవే అమైనో ఆమ్లాలు వేరే వరసలో ఉన్న పెప్టైడ్‌ను, లేదా వరస తిరగేసిన పెప్టైడ్‌ను కూడా అదే పద్ధతిలో తయారుచేసి పోల్చాలి.

రికార్డు: పెప్టైడ్ విడత సంఖ్య, నికర శాతం, ద్రావణి సీసా తెరిచిన తేదీ, గొట్టం రకం, కలిపిన సమయం, ఉష్ణోగ్రత, కుదిపినదీ లేనిదీ రాయాలి. ఈ పెప్టైడ్ గడియారంతో పాటు మారుతుంది కాబట్టి 'తాజాగా తయారుచేసినది' అని రాస్తే చాలదు. ఎన్ని నిమిషాలైందో రాయాలి. ఒకసారి కరిగించిన గొట్టాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టరాదు.

భద్రత: హెచ్.ఎఫ్.ఐ.పి. చర్మాన్ని, కళ్లను తీవ్రంగా గాయపరుస్తుంది. దాని ఆవిరి పీల్చరాదు. పొగగూటిలో, కళ్లద్దాలు, తగిన చేతి తొడుగులతోనే వాడాలి. డి.ఎం.ఎస్.ఓ. చర్మం గుండా లోపలికి పోతుంది, తనలో కరిగినవాటినీ తీసుకుపోతుంది. పెప్టైడ్ పొడి గాలిలోకి లేవకుండా చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3
5. 0.5 మి.గ్రా. అమైలాయిడ్ బీటా 40 పొడిలో నికర పెప్టైడ్ శాతం 78. నానోమోల్‌లు ఎన్ని?
6. థయోఫ్లేవిన్-టి పరీక్ష ఒక్కదానితో నమూనాలో ఆలిగోమర్లు లేవని చెప్పవచ్చా?

9.9 సారాంశం

అమైలాయిడ్ బీటా 40-42 అమైనో ఆమ్లాలున్న, నీటిలో గుమికూడే పెప్టైడ్. దాని ప్రభావం అది ఉన్న రూపాన్నిబట్టి ఉంటుంది. మార్కెట్‌లో దొరికే పొడిలో బీజాలు, లవణాలు, తేమ ఉండవచ్చు. అందుకే మొదట హెచ్.ఎఫ్.ఐ.పి., క్షారం లేదా గ్వానిడీన్‌తో అణువులను విడదీయాలి. తరవాత ఉష్ణోగ్రత, పి.హెచ్., లవణాలను మార్చి ఆలిగోమర్లను లేదా తంతువులను పొందవచ్చు. వేగాన్ని కొలిచే ప్రయోగాలకు క్రొమటోగ్రఫీతో వేరుచేసిన మోనోమర్లు అవసరం. నికర పెప్టైడ్ శాతాన్ని లెక్కలోకి తీసుకొని, గాఢతను టైరోసీన్ శోషణతో సరిచూడాలి. కనీసం రెండు వేరు వేరు పరీక్షలతో నమూనా రూపాన్ని నిర్ధారించిన తరవాతే దాన్ని ప్రయోగంలో వాడాలి.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. చివర అదనంగా ఉన్న ఐసోల్యూసీన్, అలనీన్‌లవల్ల జలవిరోధి భాగం పెరుగుతుంది.
2. అది సమవిద్యుత్ బిందువుకు దగ్గర. నికర ఆవేశం లేకపోవడంవల్ల అణువులు వేగంగా గుమికూడతాయి.
3. నీటి ద్రావణంలో పెప్టైడ్ గుమికూడటాన్ని వేగవంతం చేస్తుంది.
4. ఆలిగోమర్లకు 4 °సె., తటస్థ ఎఫ్-12 యానకం. తంతువులకు 37 °సె., 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం.
5. 0.5 × 0.78 = 0.39 మి.గ్రా.; దీన్ని 4330తో భాగిస్తే సుమారు 90 నానోమోల్‌లు.
6. చెప్పలేం. ఈ రంజకం ప్రధానంగా తంతువులను చూపుతుంది. సూక్ష్మదర్శిని వంటి మరో పరీక్ష అవసరం.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. అమైలాయిడ్ బీటా 42 నుంచి ఆలిగోమర్లు, తంతువులు తయారుచేసే విధానాన్ని వివరించండి.
2. ఒకే పెప్టైడ్‌తో వేరు వేరు ప్రయోగశాలల్లో వేరు వేరు ఫలితాలు రావడానికి కారణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. బీజాలు విలంబ దశను ఎలా ప్రభావితం చేస్తాయి?
2. నికర పెప్టైడ్ శాతం ప్రాముఖ్యాన్ని ఒక లెక్కతో చూపండి.
3. తయారైన నమూనాను పరీక్షించే రెండు పద్ధతులను, వాటి పరిమితులను రాయండి.

9.12 కీలక పదాలు

ఆలిగోమర్: కొన్ని అణువులు కలిసిన, ద్రావణంలో కరిగి ఉండే గుంపు.
కేంద్రకీకరణ: విడి అణువులు కలిసి, పెరగగల మొదటి గుంపుగా ఏర్పడటం.
నికర పెప్టైడ్ శాతం: పొడి బరువులో లవణాలు, తేమ పోగా మిగిలే పెప్టైడ్ భాగం.
బీజం: కొత్త తంతువుల పెరుగుదలకు అచ్చుగా పనిచేసే తంతువు ముక్క.
విలంబ దశ: తంతువులు కొలతకు అందేంతగా ఏర్పడటానికి ముందు గడిచే కాలం.
సమవిద్యుత్ బిందువు: అణువు నికర ఆవేశం సున్నా అయ్యే పి.హెచ్. విలువ.